రెండు ట్యాంకులు, ఒక్క సీసా

డాక్టర్ రఘుపతి శవాన్ని చెరువులోంచి బయటికి తీసేసరికి మాగుర్ చేపలు ఆయన ముఖాన్ని సగం తినేశాయి.

ప్రసన్న ఆ ఫొటోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఇంకా రెండు ఫొటోలున్నాయి," అన్నాడు ఉమాకాంత్.

"వద్దు సార్. మిషన్ చెప్పండి."

అది సలాబత్‌పురా బట్టల బజారులో ఒక చీరల హోల్‌సేల్ దుకాణం వెనక గది. కౌంటర్ దగ్గర వంకాయ రంగు జార్జెట్‌లో అంచు లేని చీర కావాలని అడిగినవాళ్ళకే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఉమాకాంత్ బయటికి సేల్స్‌మన్, లోపల గూఢచారి డిపార్ట్‌మెంట్ వెస్ట్ జోన్ చీఫ్. ప్రసన్న అతని ఏజెంట్. కోడ్ నేమ్ కండె, నాడెలో పెట్టే దారపు చుట్ట. డిండోలిలో, తెలంగాణ నుంచి వలస వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే అమ్మానాన్నల ఇంట్లో, వాటి చప్పుడు మధ్య పెరిగిన పిల్ల. నలుగురిలో నోరు విప్పదు. డిపార్ట్‌మెంట్ ఆమెను తీసుకున్నదీ అందుకే. మాట్లాడని పిల్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఉమాకాంత్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. మన చెరువుల్లో నాటు మాగుర్ ఉంది. తెలంగాణ ఊళ్ళలో దాన్నే మార్పు చేప అంటారు. ఆఫ్రికా మాగుర్ వేరే జాతి. కోళ్ళ పేగులు, కుళ్ళిన మాంసం, ఏది వేసినా తిని నెలల్లో బలుస్తుంది. ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. ఒక విదేశీ ముఠా ఈ రెండింటినీ కలిపి హైబ్రిడ్ పిల్లల్ని తీసింది.

"గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు పిల్లలు కావు. కథ అక్కడితో అయిపోతుంది," అన్నాడు. "ఈ హైబ్రిడ్‌కు పిల్లలవుతాయి. అది పోయి నాటు చేపతో కలుస్తుంది. వాటి పిల్లలు మళ్ళీ నాటు చేపతో. నాలుగు తరాలు పోతే పైకి అన్నీ నాటు చేపలే, లోపల అన్నిట్లోనూ పరాయి జీన్లు. కడిగితే పోయేవి కావు."

చేపల శాస్త్రవేత్త రఘుపతి ఇరవై ఏళ్ళు కష్టపడి కాపాడిన స్వచ్ఛమైన నాటు చేపల్ని, ఆయన్ని చంపి ముఠా దొంగిలించింది. ఇప్పుడు ఒక లారీలో అవి, ఇంకో లారీలో హైబ్రిడ్లు. హైబ్రిడ్ లారీ "స్వచ్ఛమైన నాటు రకం" అన్న లేబుల్‌తో తెలంగాణ హేచరీలకు పోతుంది. అక్కడి జాతి మొత్తం కలుషితమయ్యాక అసలు విత్తనం ముఠా దగ్గరే మిగులుతుంది. ప్రతి ఏడూ వాళ్ళ కాళ్ళ మీద పడి కొనుక్కోవాలి.

ప్రసన్నకు ఫొటో కంటే ఇదే ఎక్కువ రోత అనిపించింది.

ఆ లారీలు ఆగిన ముఠా షెడ్డు పక్కనే కాలువ. పోలీసులు కనిపిస్తే ముఠా ట్యాంకు వాల్వ్ తిప్పి హైబ్రిడ్లను అందులోకి వదిలేస్తుంది. అందుకని ముందు హైబ్రిడ్లు చావాలి, తర్వాతే రెయిడ్. ఉమాకాంత్ ఆమె చేతిలో ఒక షాంపూ సీసా పెట్టాడు. లోపల చిక్కటి లవంగ నూనె. కొంచెం కలిస్తే చేప మత్తులో పడుతుంది, సీసా మొత్తం పోస్తే ఆరు నిమిషాల్లో చస్తుంది.

"ఒక్క ట్యాంకుకే సరిపోతుంది. తప్పు ట్యాంకులో పోశావో, రఘుపతి రెండోసారి చచ్చినట్టు. ఏది ఏదో లోపలున్న మన ఇన్ఫార్మర్ చెబుతుంది. పేరు విజయరాణి."

మరునాడు పదకొండు గంటలకు ప్రసన్న పాత చున్నీ ముఖానికి చుట్టుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని, కూలీలతో షెడ్డులోకి నడిచింది. తట్టలో కోళ్ళ పేగులు. వాటి నీళ్ళు చెవి వెనక నుంచి మెడ మీదికి కారాయి. చెరువు ఒడ్డున తట్ట బోర్లించగానే నీళ్ళు నల్లగా ఉడికినట్టు లేచాయి. మీసాలు, నోళ్ళు, ఒకదాని మీద ఒకటి.

గేటు దగ్గర తెల్ల లారీ, నీలం లారీ. రెండింటి మీదా ట్యాంకులు, చేపలు ఎగిరిపడకుండా పైన నైలాన్ జాలీలు. నీలం లారీ ఇంజన్ అప్పటికే ఆన్‌లో ఉంది.

విజయరాణి వచ్చింది. పట్టు చీర, వరాఛాలో సాన పట్టిన వజ్రపుటుంగరం, ఆ కంపును కూడా ఓడించే సెంటు. పక్కగా నడుస్తూ కోడ్ అడిగింది, జవాబు విన్నది.

"తెల్లది హైబ్రిడ్. తొందరగా కానీ చెల్లీ."

ప్రసన్న బ్యాగులో డీఎన్ఏ కిట్ ఉంది. స్వచ్ఛమైన చేపకు ఒక గీత, హైబ్రిడ్‌కు తల్లిదీ తండ్రిదీ రెండు గీతలు. కానీ దానికి నలభై నిమిషాలు కావాలి. ఆమె తెల్ల లారీ ఎక్కి సీసా మూత తిప్పింది. జాలీ పక్కకు జరపబోయి ఆగింది. ముడులు లావుగా, తోకలు వేలాడుతూ ఉన్నాయి. చేపలవాళ్ళు వేసే ముడులు.

దిగి నీలం లారీ దగ్గరికి పోయింది. అక్కడి ముడులు మిరియపు గింజంత. తోకలు లేవు. తెగిన పోగును నడిచే సాంచా మీద అతికేటప్పుడు అమ్మ వేసే ముడి. చిన్నప్పుడు దాన్ని నేర్చుకునేటప్పుడు ఆమె వేళ్ళు కోసుకుపోయాయి.

చక్రం పక్కన ఒక ముసలాయన బీడీ తాగుతున్నాడు. మొండయ్య. మూతపడ్డ సాంచాల కార్ఖానా, అంటే ఖాతా, నుంచి ఇక్కడికి కూలికి వచ్చినవాడు.

"పెద్దనాయినా, గీ జాలీ ఎవలు కట్టిండ్రు?"

"నేనే బిడ్డా. నిన్న పొద్దంత గదే పని. గీ చెర్ల పిల్లలనే పట్టి దీంట్ల పోశిండ్రు." నవ్వాడు. "ఇరవై ముడులు చాలన్నడు సేటు. చెయ్యి ఊకుంటదా? రెండు నూర్లు ఏశిన."

"తెల్ల దానిది?"

"అది ఎక్కడికెల్లో గట్లనే కట్టుకొని అచ్చింది. థూ, గవ్వేం ముడులు? మా ఖాతాల గట్లేస్తె చెయ్యి మీద కొడ్తుండె."

పేగులు మరిగిన ఈ చెరువు పిల్లలే హైబ్రిడ్లు; బయటినుంచి వచ్చినవి రఘుపతివి. ప్రసన్న నీలం లారీ ఎక్కింది. సీసా మొత్తం ఖాళీ చేసి, ఫోన్‌లో రెయిడ్ సిగ్నల్ నొక్కింది. షెడ్డంతా ఒక్కసారి లవంగాల వాసన.

విజయరాణికి ఆ వాసన తగిలింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ వచ్చింది.

"నోట్లో నాలుక లేనిదాన్ని పంపించారనుకున్నాను. ఎట్లా తెలిసింది?"

ప్రసన్న లోలోపల నిమిషాలు లెక్కపెడుతోంది. నాలుగు.

"నాటువి నాశనమైతే నీకేంటి? మా విత్తనానికి కావాల్సినన్ని ఎప్పుడో పక్కకు తీసుకున్నాం."

ఐదు. అప్పుడే గేటు బయట జీపుల చప్పుడైంది. విజయరాణి వెనక్కి పరుగెత్తి, పిస్టల్ చంకలో ఇరికించుకుని నీలం ట్యాంకు వాల్వ్ రెండు చేతుల్తో తిప్పింది.

ఆరు.

నీళ్ళు దూకాయి. వాటితో పాటు తెల్లటి పొట్టలు పైకి తేలిన వేల చేపలు, జిగురు, తిన్న పేగుల ముక్కలు, అన్నీ ఆమె పట్టు చీర మీద మోకాళ్ళ దాకా కుప్పపడ్డాయి. ఒక్కటి కూడా తోక ఆడించలేదు. ఆమె జారి వాటి మధ్యే కూర్చుండిపోయింది. పిస్టల్ ఎక్కడో జిగురులో మునిగింది.

తెల్ల ట్యాంకులో రఘుపతి చేపలు మీసాలాడిస్తూ తిరుగుతున్నాయి. కిట్ నలభై నిమిషాలకు ఒక్కటే గీత చూపించింది.

ఉమాకాంత్ ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని చాలా దూరం నుంచే ఆమెను మెచ్చుకున్నాడు. జీపులో చోటు లేదన్నాడు. ప్రసన్న సిటీ బస్సెక్కింది. ఎక్కిన రెండు నిమిషాలకే చుట్టూ మూడు వరసలు ఖాళీ అయ్యాయి. డిండోలి దాకా బస్సంతా ఆమెనే చూసింది.

గూఢచారి ఎవరి కంటా పడకూడదని ట్రెయినింగ్‌లో చెప్పారు. ముక్కుల సంగతి ఎవరూ చెప్పలేదు.