నల్ల పట్టీ కింద

టింగుమని మోగింది సంతోషి ఫోన్. అంబదాస్ కరోనా రిపోర్టు. నెగెటివ్.

పరీక్ష ఫారంలో అతను తన నంబరు బదులు ఆమె నంబరు రాయించాడు. ఆ వంకతోనైనా ఫోన్ చేస్తుందని. అందుకే ఆ కబురు ముందు ఆమెకే చేరింది. సూరత్ లింబాయత్ గల్లీలో వాన పడుతోంది. రేకుల మీద ఆ చప్పుడు పెళ్లి బాజాలా వినిపించింది.

ఆ సంతోషం సరిగ్గా ఒక్క నిమిషం. నెగెటివ్ రాగానే బస్సెక్కి ఊరికి పోతానని అతను ఎప్పుడో అనేశాడు.

పోయేలా చేసింది తనే.

జబ్బు పడ్డవాళ్లకు నేతన్నల సంఘం సరుకులు పంపింది. ఆ జాబితా దాతలకు చూపాలి, పేర్లు మాత్రం కనపడకూడదు. బీకాం చదివిన సంతోషి ఒక్కో పేరు మీదా నల్ల పట్టీ గీసి, పీడీఎఫ్ చేసి, వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పైన పట్టీ ఉంది, కింద పేరు అలాగే ఉంది. ఎవరో దాన్ని వేలితో నొక్కి కాపీ చేసి ఇంకోచోట అతికించారు. అంబదాస్‌తో సహా అన్ని పేర్లూ బయటపడ్డాయి. సాయంత్రానికి ఇంటి ఓనరు అంబదాస్ పెట్టెను వానలో పెట్టాడు. మిల్లు సేఠ్ అతను నడిపే మగ్గాలు వేరేవాళ్లకు ఇచ్చేశాడు. అప్పటినుంచి అతను సంఘం హాల్లోనే ఒక మూల ఉంటున్నాడు.

ఫోన్ చేసింది.

"నెగెటివ్ అచ్చింది."

"నిజంగనేనా? పాజిటివ్ మీద పట్టీ ఏసి చెప్తున్నవా, మేడం?"

"తిట్టు. గిట్ల నవ్వియ్యకు."

"తిట్టుడెందుకు? కావాలని చేసినవా ఏంది? రేపు ఆరింటికి బస్సు. ఈడ ఏమున్నది సంతోషీ? ఉండనీకి ఖోలీ లేదు, పని లేదు."

నేనున్న, అనబోయింది. పక్కనే తండ్రి నర్సింగం గోడకు ఆనుకుని, ఆగిపోయిన మగ్గంలా కూర్చున్నాడు.

"మంచిగ పో," అంది.

"గంతేనా?"

"గంతే. బస్సుల మాస్కు తియ్యకు."

ఫోన్ పెట్టేశాక కంప్యూటర్ ముందు కూర్చుంది. తను మళ్లీ చేసిన కొత్త జాబితాలో పేర్లే లేవు, వరుస నంబర్లు మాత్రమే. ఎన్నిసార్లు కాపీ చేసినా ఇంకేమీ రాదు. ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఏడుపొచ్చింది.

తర్వాత ఇంకో ఫైలు తెరిచింది. "పోకు. నువ్వు పోతే నాకు సూరత్‌ల ఎవ్వరు లేరు," అని టైపు చేసింది. దాని మీద నల్ల పట్టీ గీసింది, అచ్చం ఆనాడు తప్పు చేసినట్టే. అతనొక్కడికే పంపింది.

నీలం టిక్కులు పడ్డాయి. ఏమీ రాలేదు. వాన కూడా ఆగిపోయింది. చదివి నవ్వుకున్నాడేమో. బ్యాగు సర్దుకుంటున్నాడేమో.

ఫోన్ మోగింది.

"కాపీ చేసిన," అన్నాడు అంబదాస్.

ఆమె ఫోన్‌తో గుమ్మం దాకా జరిగింది.

"బస్సెక్కుత లేను. రేపు పొద్దుగాల మీ ఇంటికస్త. మీ బాపుకు ఇయ్యాలనే చెప్పు. నాకచ్చిన బీమారి, పోయిన ఖోలీ, పని, అన్నీ చెప్పు. దేని మీద పట్టీ ఏయకు."

"ఎవలు బిడ్డా?" అని అడిగాడు నర్సింగం.

సంతోషి కళ్లు తుడుచుకుంది.

"అంబదాస్, బాపూ. రేపు పొద్దుగాల మనింటికస్తడు. నన్ను పెండ్లికి అడగనీకి."