ఆదిలక్ష్మమ్మ మూర

ఆ శుక్రవారం పొద్దున ఆరింటికి ఆ ఇంట్లో ఉన్నది అయిదుగురు. తిరుపతిలో పెద్ద పూల మండీ నడిపే మునిప్రసాద్, అతని భార్య జయంతి, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కూతురు లోహిత, వంట చేసే పంకజాక్షి, మునిప్రసాద్ తల్లి శకుంతలమ్మ. వాళ్ళలో నలుగురికి ఆ పూట చేతినిండా పని ఉంది. మునిప్రసాద్‌కు హోసూరు నుంచి రోజాల లారీ రావాలి. జయంతి తిరుచానూరులో వాళ్ళ లాడ్జికి పోయి కొత్త గదుల పరదాలు చూడాలి. లోహితకు కెమిస్ట్రీ రికార్డు మిగిలిపోయింది. పంకజాక్షి చెనిక్కాయల చట్నీ రుబ్బుతోంది. శకుంతలమ్మకు మాత్రం ఏ పనీ లేదు. ఆ ఇంట్లో ఆమెకు ఎవరైనా పని చెప్పి పన్నెండేళ్ళయింది.

వంటింటి గడప తొక్కితే జయంతి "మీకెందుకత్తా, కూసోండి" అనేది. చీపురు పట్టుకుంటే పంకజాక్షి లాక్కునేది. మండీకి పోతే గుమాస్తాలు లేచి నిలబడి, కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆమె ఎప్పుడు లేస్తుందా అని చూసేవాళ్ళు. ఎవరింటికి పోయినా అంతే. తిరిగి వచ్చేటప్పుడు ఇంటిల్లిపాదీ వీధిలోకి వచ్చి, ఆమె కారు మలుపు తిరిగేదాకా నిలబడేవాళ్ళు. ఆ మర్యాదలో ఆమెకు ఊపిరి ఆడేది కాదు. టీవీ ముందు కూర్చుంటే వేళ్ళు వాటంతటవే కొంగు అంచు దారాలు లాగి ముడులు వేసేవి. అలా మూడు చీరలు పాడయ్యాయి.

నలభై రోజుల నుంచి ఆమె కాస్త తేరుకుంది. పొద్దున్నే తిరుచానూరు అమ్మవారి గుడికి పోతున్నానని చెప్పి, కారు వద్దని, షేర్ ఆటోలో పోయేది. తొమ్మిదింటికి తిరిగొచ్చి, ఆకలిగా ఉందని అడిగి మరీ తినేది. భక్తి పెరిగిందని ఇంట్లోవాళ్ళు సంతోషించారు.

ఆ శుక్రవారం ఆమె గుడ్డసంచీ చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చేసరికి, మునిప్రసాద్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"యాడికి పోతా ఉండావమా?"

"గుడికి రా. శుక్రవారం కదా."

"సంచీలో ఏముండాది?"

అతను లేచి సంచీ తీసుకుని చూశాడు. తడిపిన అరటినార కట్ట, చిన్న కత్తెర, మడిచిన గోనెపట్ట. కొడుకు ఫోన్ తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు. గుడి వీధిలో గోనెపట్ట మీద గంప ముందు పెట్టుకుని కూర్చుని, ఎవరికో మల్లెలు కొలుస్తున్న తన ఫొటో. ఆమె నవ్వుతోంది అందులో.

"గుమాస్తా పంపినాడు. నువ్వు కాదేమో అనుకుని పంపినాడంట పాపం. నీకేం తక్కువైందని పోయి రోడ్డు మీద కూసున్నావు?"

జయంతి వంటింట్లోంచి వచ్చి ఫోన్ చూసింది. "అయ్యో అత్తా. మా పుట్టింటోళ్ళు సూస్తే, కోడలు అన్నం పెట్టలేదనుకుంటారు కదా."

"నువ్వు పెట్టిందే రెండు పూటలా తింటా ఉండానులే. కడుపుకేం తక్కువ లేదు" అంది శకుంతలమ్మ.

"మరి దేనికి తక్కువ?" అన్నాడు మునిప్రసాద్. "పూలు కూడా మన మండీలో కొనలేదు నువ్వు. మనకు పోటీ ఉండేవాడి మండీలో కొంటా ఉండావంట."

"మన మండీలో నా దగ్గర దుడ్లు తీసుకోరు కదరా."

పంకజాక్షికి నవ్వు వచ్చి వంటింట్లోకి పోయింది. మునిప్రసాద్‌కు నవ్వు రాలేదు.

"నాకు ఆరేళ్ళప్పుడు నీ గంప వెనకాల గోనెపట్ట మీద పడుకునేవాణ్ణి. వానొస్తే నువ్వు పూలమీద గొడుగు పట్టేదానివి. నువ్వు తడిసేదానివి, నేను తడిసేవాణ్ణి, పూలు మాత్రం తడిసేవి కావు. పెద్దయినాక నిన్ను ఆ రోడ్డు మీద నుంచి లేపాలని ఆరోజే అనుకున్నా. మండీ పెట్టింది అందుకే. లాడ్జి కట్టింది అందుకే. ఇప్పుడు నువ్వు మళ్ళా పోయి ఆడే కూసుంటే, నేను ఏం గెలిచినట్టమా?"

శకుంతలమ్మకు ఈ మాట తెలియదు. కొడుక్కి నామోషీ అనుకుంది ఇంతవరకు. ఆమె సోఫా అంచున కూర్చుంది.

"నువ్వు గెలిచినావు నాయనా. నన్నూ గెలిపించినావు. గెలిచినాక పొద్దన్నే లేసి ఏం చెయ్యాలో మాత్రం ఎవురూ సెప్పలా. మూడింటికి మెలకువ వస్తాది. అప్పటి నుంచి మీరు లేసేదాకా గోడ సూస్తా పడుకోవాల."

"తీర్థయాత్రలకు పో. అరుణాచలం పో, కాశీ పో. కారుండాది, డ్రైవరుండాడు."

"ఎన్నిసార్లు పోవాలరా?"

"అయితే ఇంట్లో ఉండు. ఆ వీధికి మాత్రం నువ్వు పోయేదానికి లేదు. ఇది నా మాట." అతను సంచీని అలమారులో పెట్టి తాళం వేశాడు. తల్లి వస్తువుకు తాళం వేయడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

మెట్ల మీద రికార్డు పట్టుకుని నిలబడిన లోహిత అప్పుడు నోరు తెరిచింది. నాన్న ముందు పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. రికార్డు అట్ట వంక చూస్తూనే అంది.

"నాకు ముందే తెలుసు నాయనా. నేనొక రోజు అవ్వతో పోయినా. అవ్వ ఆడ నవ్వతాది. ఈడ నవ్వదు."

అప్పుడే వీధి గేటు చప్పుడైంది.

వచ్చింది ఆదిలక్ష్మమ్మ. డెబ్బై దాటిన మనిషి, గుడి వీధిలో పూలమ్మే ఆడవాళ్ళందరికీ పెద్ద. నలభై రెండేళ్ళ కిందట, మొగుడు పోయి చంకలో బిడ్డతో తిరుచానూరు వచ్చిన శకుంతలమ్మకు తన గంప పక్కన మూడడుగుల చోటిచ్చి, పూలు కట్టడం నేర్పింది ఈమే. శకుంతలమ్మకు ప్రాణం లేచి వచ్చింది. తన తరఫున మాట్లాడటానికి మనిషి వచ్చిందనుకుంది. కానీ శుక్రవారం పూట, బేరాలు ముమ్మరంగా సాగే వేళ, ఆదిలక్ష్మమ్మ గంప వదిలి వచ్చిందేమిటన్నది ఆమెకు వెంటనే తట్టలేదు.

"రాక్కా, కూసో. నువ్వైనా సెప్పు వీడికి."

ఆదిలక్ష్మమ్మ కూర్చోలేదు. చేతిలోని తడిగుడ్డ మూట విప్పి, నున్నటి గ్రానైట్ నేల మీద పోసింది. మల్లెపూల చెండ్లు. నిన్నటివి, మొన్నటివి. గోధుమరంగు తిరిగి, కుళ్ళు వాసన వేస్తున్నాయి.

"సెప్పేదానికే వచ్చినా. అబ్బా మునిప్రసాదూ, నీ తల్లిని ఇంట్లో పెట్టుకో."

మునిప్రసాద్ తలూపాడు. "అదే సెప్తా ఉండా అవ్వా. ఆమె వయసేంది, మన పరువేంది."

"నీ పరువు కోసం కాదు అబ్బా. నీ పరువుతో నాకేం పని." ఆదిలక్ష్మమ్మ తన కుడి చెయ్యి చాపి, మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఎడమ చేత్తో చూపించింది. పొట్టి చెయ్యి. వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. "మా వీధిలో మూరంటే ఇది. నా మూర. నాకు ముందు మా అత్త మూర. పెద్దదాని చెయ్యి ఎంతో అందరూ అంతే కొలవాల. పొడుగు చేతుల దానికొక బేరం, పొట్టి చేతుల దానికొక బేరం కాకూడదని పెట్టుకున్న కట్టుబాటు. ఈమెకు తెలుసు. ముప్పై ఏళ్ళు అట్లే కొలిసింది. ఇప్పుడేం చేస్తా ఉండాదో అడుగు."

శకుంతలమ్మ తన చెయ్యి కొంగులోకి దాచుకుంది. "కొసరు వేసినానక్కా. అంతే. అమ్మవారికి వేసే పూలు, ఆడబిడ్డలు పెట్టుకునే పూలు. నాకేం లాభం కావాలని కొలత బిగబట్టాల?"

"ఆ లాభం మాకు కావాల కదమే." ఆదిలక్ష్మమ్మ గొంతు పెంచలేదు. "మూర అడిగితే మూరన్నర ఇస్తా ఉండావు. నీ గంప ముందర వరస. ఎనిమిదికంతా గంప బోర్లించి, సేతులు దులుపుకుని, ఇడ్లీలు తినేదానికి ఇంటికొస్తా ఉండావు. మా గంపలు మద్యానం దాకా నిండుగానే ఉండాయి. తొమ్మిది మందిమి. నలభై రోజులు. నీకది పొద్దుపోని పని. మాకది సంగటి ముద్ద."

"ముందే సెప్పొచ్చు కదక్కా."

"ఎట్ల సెప్పాల? నీ కొడుకు మండీలోనే కదా మేము పూలు అరువుకు తెచ్చుకునేది. భయపడినాం."

ఆ మాటకు శకుంతలమ్మ తల వంగిపోయింది. రోజూ తన గంప అందరికన్నా ముందు ఖాళీ అయినప్పుడల్లా చేతుల్లో పాత చలాకీ ఇంకా ఉందని మురిసిపోయింది. పక్క గంపల వైపు ఒక్కసారీ తిరిగి చూడలేదు. మునుపు ఆ వీధిలో కూర్చున్న శకుంతల అయితే చూసి ఉండేది.

మునిప్రసాద్ తేరుకున్నాడు. "ఎంత నష్టమైందో సెప్పవ్వా. తొమ్మిది మందికీ ఇచ్చేస్తా."

"సూసినావా," అంది ఆదిలక్ష్మమ్మ, శకుంతలమ్మ వైపు తిరిగి. "మీ ఇంట్లో ఇప్పుడు అన్నిటికీ ఇదే మందు." ఖాళీ గుడ్డ దులుపుకుని, మడిచి, గేటు దాటి పోయింది. కారులో దింపుతామన్నా ఆగలేదు.

పంకజాక్షి చీపురు తెస్తే వద్దని, శకుంతలమ్మ తనే ఒక్కొక్క చెండూ ఏరి మూటకట్టింది. జయంతి ఈసారి "మీకెందుకత్తా" అనలేదు. తనూ కింద కూర్చుని పక్కన పడ్డ రేకులు ఏరింది.

మధ్యాహ్నం అన్నం ముట్టకుండానే శకుంతలమ్మ పాత హవాయి చెప్పులు వేసుకుంది. మునిప్రసాద్ మండీకి పోలేదు. రోజాల లారీ సంగతి గుమాస్తాలకే వదిలేసి హాల్లోనే ఉన్నాడు. తల్లిని చూసి లేచి, అలమారు తాళం తీసి, సంచీ చేతికిచ్చాడు.

"ఎండగా ఉండాదమా. కారులో పో."

"కారులో పోతే ఆమె తలుపు తియ్యదు నాయనా."

తిరుచానూరులో ఆదిలక్ష్మమ్మ ఇల్లు సందు చివర, రేకుల గది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆమె నేల మీద కూర్చుని, సాయంత్రం బేరానికి మల్లెలు కడుతోంది. వంకర వేళ్ళలో నార జారిపోతోంది. నాలుగు పూలు పెట్టి ముడి వేసేసరికి రెండు రాలిపోతున్నాయి. శకుంతలమ్మ పిలవలేదు. లోపలికి పోయి ఎదురుగా కూర్చుని, కుప్పలోంచి పూలు తీసుకుని కట్టడం మొదలుపెట్టింది.

రెండు మూరలు కట్టింది. తర్వాత ఆదిలక్ష్మమ్మ ఆ దండ తీసుకుని లాగి చూసింది.

"వదులుగా కట్టినావు. ఇల్లు చేరేలోపల పూలన్నీ రాలిపోతాయి. దుడ్లొచ్చినాక నీ సేతులకు కూడా కొవ్వు పట్టిందే."

శకుంతలమ్మ దండ విప్పి మళ్ళీ మొదటి నుంచి కట్టింది. కళ్ళ నీళ్ళు పూల మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇంక గంప పెట్టనక్కా. అమ్మను. నీ గంప వెనకాల కూసుని కడతా. మీ తొమ్మిది మందిలో ఎవురికి చెయ్యి సాగకపోతే వాళ్ళకు కడతా. మూర నువ్వు కొలువు."

"కూలి?"

"రెండు ఇడ్లీలు. చట్నీ లేకపోయినా సరే."

ఆదిలక్ష్మమ్మ పెదవి కొస కదిలింది. అది నవ్వో కాదో తెలియలేదు. "నాలుగు రోజులు ఆడ ఎవురూ నీతో మాట్లాడరు. నోటికొచ్చింది అంటారు. ఓర్చుకుంటావా?"

"ఓర్చుకుంటా."

"కొడుకు ఒప్పుకుంటాడా?"

శకుంతలమ్మ ఒళ్ళోని సంచీ తడుముకుంది. "వాడే తాళం తీసిచ్చినాడు."

"మరి కొసరు?"

"వెయ్యను. తప్పయిపోయిందక్కా."

"తెల్లారి నాలుగింటికి రా. నార నానబెట్టుకోని రా. ఆలస్యమైతే నీ చోట్లో ఇంకొకరు కూసుంటారు."

శకుంతలమ్మ లేచి, చెప్పులు వేసుకుని మెట్టు దిగింది. పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ అక్కడే ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగింది. ఇంటివాళ్ళు వీధిలోకి వస్తారు కదా, మలుపు దాకా చూస్తారు కదా.

ఆదిలక్ష్మమ్మ గడప లోపలే నిలబడి ఉంది.

"ఏంది సూస్తా ఉండావు? సాగనంపేదానికి నువ్వేమన్నా సుట్టానివా? పనికొచ్చేదానివి. పో, నాకు పూలు వాడిపోతా ఉండాయి" అని, శకుంతలమ్మ ముఖం మీదే తలుపు వేసేసింది.