చీమ పేరుతో తెరుచుకున్న ఫోల్డర్

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో నలుగురున్నారు. కాలికి కట్టుతో మంచం దిగలేని బాబాయి. ఒకప్పుడు మేటి ఏజెంటు, ఆరేళ్ల క్రితం డిపార్ట్‌మెంట్ పక్కన పెట్టేసిన పిన్ని. నల్లకళ్లద్దాలు ఇంట్లో కూడా తీయదు. కర్టెన్లకు కొలతలు తీయడానికి వచ్చి, ఒకే కిటికీని మూడుసార్లు కొలిచిన మనిషి. మెట్ల కింద గూట్లో, చెప్పుల స్టాండు పక్కన మోకాళ్ల మీద కూర్చున్న చీమ.

ఎంత ఇరుకు సందులోనైనా దూరుతుందని చిన్నప్పుడు పిన్ని పెట్టిన ముద్దుపేరు అది. ఇప్పుడు అదే ఆమె కోడ్ నేమ్.

గంట క్రితం చీఫ్ ఆమెను పిలిపించాడు. సరిహద్దు అవతల మనవాళ్లు తొమ్మిది మంది ఉన్నారని, మూడు వారాల్లో ముగ్గురు దొరికిపోయారని చెప్పాడు. వాళ్ల వివరాలున్న ఫోల్డర్ బాబాయి ఇంట్లో, కంప్యూటర్ ఫైళ్లు దాచే స్టోరేజ్ పెట్టెలో తప్ప ఎక్కడా లేదు. ఆఫీసు కంటే ఇల్లే నయమని అక్కడ దాచారు.

"దాన్ని తెరిచే పర్మిషన్ ముగ్గురికే. మీ బాబాయి, నేను, నువ్వు," అన్నాడు చీఫ్, ఆమె కళ్లలోకి చూస్తూ. "రేపు దాన్ని అక్కడి నుంచి తీసేస్తున్నామని పొద్దున మీ బాబాయికి చెప్పాను. దొంగ ఎవరైనా ఇవాళే ఊడ్చుకుపోతాడు. మిగిలిన ఆరుగురినీ నువ్వే కాపాడాలి."

అడ్మిన్ పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చాడు. బాబాయి మాత్రం కాకూడదని దారి పొడవునా కోరుకుంది చీమ. అమ్మా నాన్నా పోయాక తనను పెంచిన ఇల్లు అది.

ల్యాప్‌టాప్‌ను గూట్లో ఉన్న ఆ పెట్టెకు తగిలించి, ఈ నిమిషంలో ఫోల్డర్ లోపల ఎవరున్నారో చూసింది. ఒకే పేరు. చీమ.

తను అడ్మిన్‌గా వచ్చింది, సొంత పేరుతో కాదు. లాగ్ వెనక్కి తిప్పింది. గడిచిన మూడు మంగళవారాలు, మూడు నుంచి నాలుగు వరకు, అదే పేరు. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఎప్పుడో చచ్చిపోయిన కుంటిపిల్లి పేరు. స్కూలు బొమ్మలు దాచుకోమని పదేళ్లప్పుడు పిన్నే పెట్టించింది. ఆ పాత అకౌంట్‌కే ఇప్పుడు ఫోల్డర్ పర్మిషన్ కూడా ఇచ్చారు. అది లోకంలో ఇద్దరికే తెలుసు.

ఫోల్డర్ మొత్తం ఒకే మూటగా కాపీ అవుతోంది. చివరి ముక్క చేరితేగానీ మూట తెరుచుకోదు. ఎనభై ఎనిమిది శాతం. చీమ తన పేరు పక్కనున్న పర్మిషన్ టిక్కు తీసేసింది. ఎనభై తొమ్మిది. తాళం మార్చినంత మాత్రాన ముందే లోపల దూరినవాడు బయటికి పోడు కదా. డిస్‌కనెక్ట్ నొక్కింది. తెర గిర్రున తిరుగుతూ కూర్చుంది. తొంభై ఏడు. చెయ్యి పెట్టె వెనక్కి పోనిచ్చి కేబుల్ పీకిపారేసింది.

అప్పటిదాకా మూటను అందుకుంటున్న కొలత టేపు డబ్బా హాల్లో కీచుమంది. కర్టెన్ల మనిషి గేటు దాకా పరిగెత్తాడు. అక్కడ చీఫ్ మనుషులు పొద్దుటి నుంచి ఒకే మొక్కకు నీళ్లు పడుతున్నారు.

గూటి ముందు పిన్ని నీడ పడింది.

"నా పేరే ఎందుకు పిన్నీ?"

పిన్ని కళ్లద్దాలు తీసింది. "నువ్వంటే చీఫ్‌కి గురి. నిన్ను అనుమానించడానికే నెల పడుతుంది."

"తరవాత నేనేమైపోతానో అనుకోలేదా?"

"అనుకున్నా. అనుకునే చేశా."

చీఫ్ వచ్చి లాగ్ చూశాడు. ఆ మూడు మంగళవారాలూ అదే గంటలో చీమ అతని ఎదురుగా కూర్చుని రిపోర్టు చదివింది. సాక్షి అతనే. అయినా పొద్దుటి వరకూ ఆమెనే అనుమానించానని నసుగుతూ ఒప్పుకున్నాడు. ఆమె కేబుల్ చుట్టింది. గదిలోంచి ఎవరే వచ్చిందని బాబాయి అడుగుతూనే ఉన్నాడు.

పిన్నిని ఎక్కించిన వ్యాను దగ్గరికి చీమ పరిగెత్తుకుంటూ వెళ్లింది. ఒక్క మాట కోసం. లోపల కూర్చున్న పిన్ని, బడికి పంపే రోజుల్లోలాగే ఆమెను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది.

"పాస్‌వర్డ్ మార్చుకోవే అని నీకు వందసార్లు చెప్పాను. వింటేగా," అని, సంకెళ్ల చేతులతోనే తలుపు లాగేసుకుంది.