మిరియాల వగైరా

వాన మొదలయ్యేసరికి గోపీచంద్ పిడుగురాళ్ల బస్టాండులో ఉన్నాడు. నల్లకోటు తడవకుండా చంకలో పెట్టుకుని నరసరావుపేట బస్సు కోసం ఎదురుచూస్తున్నాడు. పక్కన నిలబడిన అమ్మాయి ఫోన్లో మాట్లాడుతోంది.

"మిరియాల వగైరాకి సైటేషన్లు నాలుగొందలు దాటినయ్ నాన్నా. జపానోళ్లు కూడా ఇచ్చారు."

గోపీచంద్ చెవులు రిక్కించాడు. రెండూ అతని వృత్తిలో మాటలే. దావాలో ప్రతివాదులు పదిమంది ఉంటే మొదటివాడి పేరు రాసి, మిగతావాళ్లను వగైరాలో పడేస్తారు. వాదనలో పాత తీర్పు చూపిస్తే అది సైటేషన్. ఈ అమ్మాయి మీద ఏకంగా నాలుగొందల తీర్పులు చూపించారంటే మామూలు తగాదా కాదు.

జేబులోంచి కార్డు తీశాడు. "మేడమ్, భూమి కేసనుకుంటా. అవతలోళ్లు ఎన్ని సైటేషన్లు ఇచ్చినా మీరు భయపడొద్దు. జపాన్ సంగతి అప్పీల్లో చూద్దాం."

ఆమె అతన్ని బూట్ల నుంచి జుట్టుదాకా చూసింది. "మీకు ఫిజిక్స్ వచ్చా?"

"ఇంటర్లో గట్టెక్కానండి."

"అయితే అటు చూడండి."

రోడ్డవతల సున్నం లారీ ఆగి ఉంది. పైన కప్పిన పట్టా చిరుగులోంచి వాన దిగి, లోపల్నుంచి ఆవిరి లేస్తోంది.

"కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే అంత వేడెక్కుద్దే, అప్పుడు అణువుల మధ్య ఏం జరుగుద్దో చూడటం నా పని. కెమికల్ ఫిజిక్స్. నేనూ నా స్టూడెంట్లూ పేపరు రాస్తే ముందు నా ఇంటిపేరు ఉంటది, మిగతావాళ్లు వగైరా. ఇంకెవరైనా తమ పేపర్లో మా పనిని ఆధారంగా చూపిస్తే అది మాకు సైటేషన్."

"అంటే మీ పేపరు మా జడ్జిమెంటు లాంటిది."

"పర్లేదే, ఈసారి కూడా గట్టెక్కారు," అని నవ్వింది ఆ అమ్మాయి, పేరు భావన.

ఆ నవ్వుతో గోపీచంద్ పని అయిపోయింది. హైదరాబాదులో ఆమె పాఠాలు చెప్పే యూనివర్సిటీ చుట్టుపక్కల అతనికి తరచూ పనులు పడసాగాయి. అక్కడ అతనికి ఒక్క కేసూ లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్లొస్తూ భావన నరసరావుపేటలో గోపీచంద్ వాళ్లింటికి వచ్చింది. గోపీచంద్ తల్లి విజయలక్ష్మి టీచరుగా రిటైరైన మనిషి. కాఫీ ఇచ్చి కొడుకుతో అంది, "పిల్ల చానా బాగుందిరా. మన ఇంటిపేరు కలిస్తే గోనుగుంట్ల భావన. వినటానిక్కూడా నిండుగా ఉంటది."

భావన గ్లాసు కింద పెట్టింది. "పేరు మార్చుకోలేను అత్తయ్యా. నా పనంతా మిరియాల పేరునే ఉంది. ఇప్పుడు మారిస్తే పాతవి ఒకళ్లవీ, కొత్తవి ఇంకొకళ్లవీ అయిపోతయ్."

గోపీచంద్ ఉత్సాహంగా అడ్డొచ్చాడు. "దానికేముంది? ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ రాసిస్తా. రోజూ కోర్టులో రాసేదేగా."

"ఒసాకాలో కూర్చుని నా పేపరు చదివేవాళ్లకి నీ అఫిడవిట్ ఎవరు చూపిస్తారు గోపీ?" ఆమె లేచి బ్యాగు తీసుకుంది. "అది మా నాన్న పేరు. సున్నం బట్టీలో కూలోళ్ల హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని దేశాలోళ్లు రాసుకుంటున్నారు. అది వదులుకుని ఈ ఇంటికి రాలేను."

ఆమె వెళ్లిపోయాక గోపీచంద్‌కి సిగ్గేసింది. ఆమె తరఫున వాదించాల్సిన చోట కాగితం రాసిస్తానన్నాడు. ఫోన్లో ఆమె పేరు వెతికి, ఆమెను సైట్ చేసిన పేపర్లు ఒక్కొక్కటీ తెరిచాడు. సైన్సు ముక్క అర్థం కాలేదు. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. 'మిరియాల వగైరా ఇదివరకే నిరూపించినట్లు' అని ఇంగ్లీషులో ఉంది. ఏ కోర్టులోనూ తను గెలవని గెలుపు అది. గుండె నిండిపోయింది.

దాన్ని తల్లికి తెలుగులో చదివి వినిపించాడు.

"నా సర్టిఫికెట్లలో పుట్టింటి పేరేరా. పెన్షన్ కోసం ఆ అఫిడవిట్ నేనూ ఇచ్చా. నేనే నేనని సంతకం పెడుతుంటే చెయ్యి రాలేదు," అంది విజయలక్ష్మి. "ఆ పిల్లకెందుకా బాధ. బండి తియ్యి."

పిడుగురాళ్లలో భావన తండ్రి వీరాంజనేయులు గేటు దగ్గరే ఎదురయ్యాడు. సున్నానికి పొక్కిన చేతులను తువ్వాలుకు తుడుచుకుంటూ లోపలికి రమ్మన్నాడు. విజయలక్ష్మి గుమ్మంలోనే అడిగింది.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయిని మాకిస్తారా? ఇంటిపేరుతో సహా."

ఆయన తువ్వాలు కళ్లకు అద్దుకుని తల ఊపాడు.

తండ్రి వెనక నుంచి భావన అడిగింది. "వకీలుగారు ఏమంటారు?"

"శుభలేఖలో ముందు నీ పేరే వేయిస్తా. మిరియాల భావన అని, పెద్దక్షరాల్లో."

"మరి నువ్వు?"

"వగైరా," అన్నాడు గోపీచంద్, గర్వంగా.