పోస్టర్‌లో అమ్మ చెంప

పొద్దున్నే టీ మరుగుతుండగా గుండీలామె విసురుగా లోపలికొచ్చి, చేతిలోని నమూనా పోస్టర్‌ను బల్ల మీద పరిచింది. బట్టల ఫ్యాక్టరీలో ఆమెది గుండీలు కుట్టే పని. అందరూ పిలిచే పేరూ అదే.

"ఎవరక్కా ఈ సినిమాతార?"

అమ్మ వంగి చూసింది. కింద 'మన కార్మిక సంఘం కార్యదర్శిగా గెలిపించండి' అని ఉంది. పైనున్న మొహం మాత్రం తనది కాదు. ఒలిచిన గుడ్డులా ఉంది. ఇస్త్రీ విభాగంలో ఏళ్ల తరబడి ఆవిరికి ఉడికిన చర్మం మీద ఒక్క గీత లేదు. ఎడమ చెంప మీది కాలిన మచ్చా లేదు.

"ఇది గేటు దగ్గర అంటిస్తే మేనేజరు పెళ్లాం పోటీ చేస్తోందనుకుంటారు. మధ్యాహ్నానికి అచ్చుకివ్వాలి!" అంది గుండీలామె.

పక్కగదిలో కొడుకు కంప్యూటర్ ముందున్నాడు. ఫోటోల్లో చర్మాన్ని బాగుచేయడమే వాడి వృత్తి. అమ్మ పోస్టర్ పట్టుకుని వాడి నెత్తి మీదికొచ్చింది.

"నా మొహం ఏం పాపం చేసిందిరా, ఇస్త్రీ చేశావు?"

"బాగుండాలనేనమ్మా."

"ఎవరికి బాగుండాలి? క్రీములమ్ముకునే వాళ్లకా? నువ్వు నున్నగా చేసిన మొహాలు చూసి ఆడపిల్లలు అద్దం ముందు ఏడుస్తున్నారు. ఇప్పుడు అమ్మ మొహమూ పనికిరాలేదా? నేనంటే సిగ్గా నీకు?"

వాడు దిగ్గున లేచాడు. "సిగ్గా? అన్నం పెట్టిన ప్రతిసారీ ఆ మచ్చే కనిపిస్తుందమ్మా నాకు. ఒక్క ఫోటోలోనైనా నువ్వు కాలకుండా ఉండాలనుకున్నా."

అమ్మ చేతిలోని పోస్టర్ కిందికి దించింది.

వెనకే వచ్చిన గుండీలామె గొంతు తగ్గించింది. "నాయనా, ఆవిరి గొట్టం పగిలిన రోజు మీ అమ్మ నన్ను పక్కకి తోయకపోతే అది నా మొహాన ఉండేది. మేం ఓటేసేది ఆ మచ్చకేరా."

వాడు కూర్చుని ఒక్క నొక్కు నొక్కాడు. అసలు మొహం తిరిగొచ్చింది. పని తెలిసినవాడు అసలును చెరపడు. దాని మీద ఇంకో పొర వేసి అందులో చేస్తాడు.

"ఇదే పంపెయ్," అంది అమ్మ.

"చవక కాగితం మీద నీడలన్నీ ముద్దయిపోతాయి. మచ్చ సిరా మరకలా పడుతుంది. ఉండు."

అమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్లూ వాడిది రంగులు పూసే పనే అనుకుంది, ఒక్కసారీ చూడలేదు. వాడు రంగును ఒక పొరలోకి, చర్మపు గరుకును ఇంకో పొరలోకి విడదీశాడు. గరుకు జోలికి పోలేదు. రంగులో పేరుకున్న మసకను మాత్రం కొద్దికొద్దిగా పలుచన చేశాడు. నవ్వు గీతలు, కంటి కింది ముడతలు, సన్నని రంధ్రాలు ఎక్కడివక్కడే నిలిచాయి. పలుచని గుడ్డ మీద వేడి ఇస్త్రీ పెట్టె నడిపేటప్పుడు తను ఊపిరి బిగబట్టినట్టే వాడూ బిగబట్టాడు. ఇది పూత కాదు, పని. పనిని చూస్తే ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వీడికి తన మొహం తనకన్నా బాగా తెలుసు.

చివరికి ఎడమ చెంప తెర నిండా వచ్చింది. కాలినప్పటి నుంచి ఆమె అద్దానికి కుడివైపే చూపించేది. మెల్లగా వేలు చాచి తెర మీది మచ్చను తడిమింది.

"ఒరే... ఇది ఇంత చిన్నదా?"

"ఎప్పుడూ ఇంతేనమ్మా. నేనేం తగ్గించలేదు."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వాడి తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

"అయితే మొహం ఇంకా దగ్గరికి తియ్యి," అంది. "సగం పోస్టర్ ఈ చెంపే రావాలి. గేటు అవతలి వాళ్లకీ కనపడాలి."