ఒక్కపొద్దు మీట

2078 నాటికి పప్పు ప్యాకెట్ల మీద గ్రాములు వేయడం మానేశారు. "ఇంటిల్లిపాదికి ఒక పూట" అని మాత్రం ఉండేది. ఏటేటా ప్యాకెట్‌లో గాలి పెరిగింది, పప్పు తగ్గింది. ఆ రాత మాత్రం మారలేదు.

అనకాపల్లిలో లాస్య అలవాటూ మారలేదు. పూటకి ఒక ప్యాకెట్టే. రెండోది విప్పితే దుబారా మనిషని పేరొస్తుందని భయం. మామగారికి, మొగుడికి, ఇద్దరు కొడుకులకి వడ్డించి ఆఖర్న తను కూర్చునేది. తరుగంతా ఆ ఆఖరి పళ్ళెంలోకే వచ్చి చేరేది. మిగతావాళ్ళ కడుపులు నిండుతున్నాయి గనక ప్యాకెట్ చిక్కిందని ఎవరికీ తెలియలేదు. ఓ పొద్దున్న లాస్య పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది.

మేనకోడలు ఇందుజ ఆహార శాస్త్రవేత్త. అత్త మణికట్టు పట్టుకు చూసి, నేరుగా ప్రయోగశాలకి పోయింది. కొన్నాళ్ళకి సమగరిటె తెచ్చింది.

చూడటానికి మామూలు గరిటే. కాడలో రెండు సెన్సర్లు. ఒకటి గిన్నెలో ఎంతుందో కొలుస్తుంది. రెండోది ఆకలిసూచి, ఎదుటి మనిషి ఊపిరిని బట్టి ఆకలి పసిగడుతుంది. రెండూ లెక్కగట్టి ఎవరి వాటా వారికి వేస్తుంది. వాటా దాటితే గరిటె మీద మూత పడిపోతుంది. ఎంత వంచినా చుక్క జారదు. ఎవరికెంతో, ఎందుకో నోటితో చెబుతుంది కూడా.

మొదటి రోజే పెద్దకొడుకు పళ్ళెం చూసి "ఏటమ్మా, ఇంతేనేటి?" అన్నాడు.

"ప్యాకెట్‌లో ఉన్నదింతే. ఇన్నాళ్ళూ మీ అమ్మ వాటా కూడా మీరే తిన్నారు" అంది గరిటె.

"రేపట్నుంచి రెండిప్పమ్మా" అన్నాడు మామగారు.

రెండు విప్పారు. లాస్య బుగ్గలు నిండాయి. కంపెనీలు మళ్ళీ గాలి పెంచాయి.

ఏడాది తిరక్కుండా ఇందుజ వచ్చేసరికి అత్త గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. గరిటెని అడిగింది.

"ఆమె రోజూ ఒక్కపొద్దు మీట నొక్కుతోంది. ఆమె వాటా మిగతావాళ్ళకి వేస్తున్నాను."

ఉపవాసాలుండేవాళ్ళ కోసం ఇందుజే పెట్టిన మీట అది.

"ఇయాళ బుధవారం అత్తా! బుధవారం ఏ దేవుడికి ఒక్కపొద్దు?"

"ముక్కోటి దేవతలున్నారు. ఒకడికి కాకపోతే ఒకడికి" అని నవ్వింది లాస్య.

"నవ్వకు. మళ్ళీ పడిపోతే?"

"ఒలే, ఎదిగే పిల్లలు గిన్నె గీకతంటే నా ముద్ద గొంతు దిగుతాదేటే?"

"మూడోది ఇప్పొచ్చు కదా!"

"ఇప్పితే రేపు నాలుగంటారు. కొంపకి మనిషినా, కన్నమా నేను?"

ఇందుజ గరిటె అందుకుంది. కాడ విప్పి, మీట తీగతో సహా పీకి బయటికి విసిరేసింది.

మగవాళ్ళు తిని లేచాక అత్తా మేనకోడళ్ళిద్దరూ కూర్చున్నారు. గిన్నెలో పప్పు అడుగున ఉంది. లాస్య గరిటె అందుకుంది. అది ఇందుజ ఊపిరి పసిగట్టింది.

"ప్రయాణం చేసి వచ్చావు. నీకే ఆకలెక్కువ. పెద్దవాటా నీది."

ఇందుజ అత్త మెడ ఎముకల వంక చూసింది. చెయ్యి దానంతటదే పళ్ళేనికి అడ్డం పోయింది.

"నాకొద్దు. నాకివాళ ఒక్కపొద్దు."

"ఆ మీట ఇందాకే నువ్వు పీకేశావు" అంది గరిటె.