మాస్టారి గోలెంలో కప్ప

పెళ్లికావలసిన కుర్రాడు చిలకను పెంచుకుంటే ముచ్చటగా ఉంటుంది. జగ్గయ్యపేటలో సైన్సు మాస్టారు భవానీప్రసాద్ మాత్రం కప్పను పెంచాడు. ఎండిపోతున్న స్కూలు బావిలో ఒంటరిగా కూర్చున్నదాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు. తాను అద్దెకున్న దశరథరామయ్యగారింటి పెరట్లో నిలబడి, ఖాళీ పాత్ర ఏదైనా ఉందా అని అడిగాడు.

అడిగింది ఆయన కూతురు పుష్పవతిని. ఆమె ఇత్తడి చెంబు తెచ్చింది. రుమాలు కదిలింది. చెంబు కింద పడింది, ఆమె అరుగెక్కింది.

“కరవదండీ,” అన్నాడు.

“మీరంటే సరిపోయిందా? ఆ మాట అది అనాలి,” అంది పుష్పవతి.

అంతటితో ఆమెకు భయం పోయింది. అతనికి మతి పోయింది. ఇది యాభై తొమ్మిదో సంవత్సరం, జూన్ నెల మాట.

గొడ్లపాక వెనక అంచు విరిగిన కుడితి గోలెం ఉంటే, ఇద్దరూ దొర్లించుకొచ్చి కరివేపాకు చెట్టు నీడలో పెట్టారు. అతను పాలేటి ఇసుక తెచ్చి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా పోశాడు. పల్లంలో నీళ్ల మూకుడు పెట్టాడు. ఎత్తున పగిలిన కుండ బోర్లించాడు, అది కప్పగారి ఇల్లు. పైన వెదురు తడిక, దానిమీద తడిపిన గోనెసంచి. కప్ప కదిలే పురుగునే తింటుందని అతను పాఠం చెబుతుండగానే ఆమె వంటింట్లోంచి బెల్లంముక్క తెచ్చి ఇసుకమీద పెట్టింది. ఈగలు వాటంతటవే వచ్చాయి. ఈ ఉపాయం మాస్టారు ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గోనె ఆరకుండా చూడటం ఇద్దరి పనీ అయింది. సాయంత్రాలు అతను తడిక ఎత్తి పట్టుకుంటే ఆమె నీళ్లు చల్లేది. కప్ప గొంతుకింద పల్చటి చర్మం ఊపిరికి అదురుతుండేది. ఇద్దరూ దాన్నే చూస్తున్నట్టు కనబడేవారు. తడిగోనె వాసనా కరివేపాకు వాసనా కలిసి, ఊళ్లో చినుకు లేకపోయినా ఆ మూల మాత్రం అప్పుడే వాన వెలిసినట్టుండేది. స్కూల్లో రక్తప్రసరణ గురించి చెబుతూ చెబుతూ మాస్టారు ఆగిపోయి కిటికీలోంచి చూసేవాడు. ప్రేమంటే ఇదేనేమో అనుకున్నాడు. ఇదే మరి.

ఆషాఢం సగం గడిచినా వాన జాడ లేదు. ఒకరోజు పుష్పవతి నాయనమ్మ రాఘవమ్మ మాటల్లో అసలు సంగతి చెప్పింది. వానలు పడి చేలో విత్తనం పడితే శ్రావణంలో పుష్పకు వీరులపాడు బుల్లిబాబుతో పెళ్లట. పడకపోతే వచ్చే ఏడేనట. అప్పట్నుంచి ఆకాశంలో మబ్బుతునక కనబడితే మాస్టారి గుండె జారిపోయేది.

ఇంతలో వీధి ఆడవాళ్లు కప్పతల్లిని తిప్పాలనుకున్నారు. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తీసుకెళ్తే, ఇల్లాళ్లు దానిమీద నీళ్లు పోస్తారు. అలా చేస్తే వాన వస్తుందని వాళ్ల నమ్మకం. అయితే బావులన్నీ ఎండిపోయిన ఊళ్లో కప్ప ఎక్కడుంది? మాస్టారి గోలెంలో ఉంది. అడగడానికి పుష్పవతిని పంపారు.

ఇవ్వనన్నాడు. ఎండలో కట్టేస్తే చర్మం ఆరి చచ్చిపోతుందన్నాడు. రోకలికి కట్టబోమనీ, కుండలో తడి ఇసుక పోసి నెత్తిన పెట్టుకుంటాననీ ఆమె అంది. సైన్సు ఇలాంటివి ఒప్పుకోదన్నాడు. ఆమె అతని మొహంలోకి చూసింది.

“కప్పమీద జాలేనా, ఇంకేమన్నా ఉందా?”

అతను తల దించుకున్నాడు. “వాన పడితే శ్రావణంలో మీ పెళ్లంట కదండీ.”

“అందుకని ఊరంతా నీళ్లు లేక మాడాలా?” ఆమె గొంతులో కోపం ఉంది, కళ్లలో లేదు. “వాన పడితే ఏమవుద్దో నాకు తెలీదా? నాకు మాత్రం ఇష్టమా? అయినా అడుగుతున్నా. ఇవ్వండి.”

‘నాకు మాత్రం ఇష్టమా’ అన్న మాట అతని చెవుల్లో నిలిచింది. తడిక తనే ఎత్తాడు. కప్పను కుండలోకి దింపాడు.

కుండ నెత్తిన పెట్టుకుని ఆమె ముందు నడిచింది. వెనకాల కప్పకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని మాస్టారు. ఆ ఊరేగింపులో మగవాడు అతనొక్కడే. వీధంతా నవ్వింది. ఇంటింటా పోసిన నీళ్లు కుండ పొంగి ఆమె జడమీదుగా కారుతుంటే అతనికి నవ్వులేవీ వినబడలేదు.

కప్పను మళ్లీ గోలెంలో చేర్చిన మర్నాడు మధ్యాహ్నం వాన పడింది. మామూలు వాన కాదు, చూరులు ఏకధారగా కారాయి. పుష్పవతి వసారాలో, అతను పెరట్లో నిలబడిపోయారు. ఊరంతా సంబరపడుతుంటే వాళ్లిద్దరికీ ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం దశరథరామయ్య చేలోంచి బురదకాళ్లతో వచ్చి మాస్టార్ని భోజనానికి పిలిచాడు. వాన పడితే కప్పనిచ్చినవాళ్లకి అన్నం పెట్టి, వాళ్లు కోరింది ఇవ్వడం ఆ వీధి ఆనవాయితీ అట.

“మొహమాటపడకుండా అడగండి మాస్టారూ,” అన్నాడు.

వంటింట్లో గాజుల చప్పుడు ఆగింది. మాస్టారి చెయ్యి విస్తట్లో ఆగింది.

“గోలెంలోకి కాస్త ఇసుక కావాలండి. పాతది కొట్టుకుపోయింది.”

గరిటె పట్టుకుని పుష్పవతి బయటికొచ్చింది. “నాన్నా, ఆయనకి పాఠం చెప్పడమేగానీ అడగడం రాదు. ఆయన బదులు నేనడుగుతున్నా. నన్నివ్వు.”

దశరథరామయ్య తలెత్తకుండా రెండు ముద్దలు తిన్నాడు. కుర్రాడు మనవాడేననీ, వీరులపాడు వాళ్లతో ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదనీ రాఘవమ్మ గోడకి చెప్పినట్టు చెప్పింది. దశరథరామయ్య ఆలోచించాడు. తల వంచుకున్న మాస్టార్నీ, తల వంచని కూతుర్నీ చూశాడు.

“ఆదివారం మీ ఊరు నందిగామొస్తే మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా?”

“ఉంటారండీ.” మాస్టారు తలెత్తాడు.

దశరథరామయ్య కూతురివైపు తిరిగాడు.

“నిలబడ్డావేం? అల్లుడిగారికి పెరుగు వెయ్యి.”